కాంటెస్సా ఏసీలో గడగడ: కంప్రెసర్ మార్చేముందు ఏమేం చూశానంటే

పాత కారులో ఏసీ వేయగానే బానెట్ కింద గడగడమని చప్పుడొస్తే వినేవాళ్ళందరూ చెప్పే మాట ఒక్కటే: కంప్రెసర్ పోయింది, మార్చేయ్. నాకూ అదే చెప్పారు. హన్మకొండలో ఒక షాపాయన బానెట్ ఎత్తకుండానే చెప్పాడు. వరంగల్‌లో ఇంకొకాయన బానెట్ ఎత్తి చెప్పాడు. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది ఫోన్లో చప్పుడు విని మరీ చెప్పాడు. ముగ్గురిలో ఒక్కరూ బెల్టు తీసి చూడలేదు, గ్యాసు ఒత్తిడి చూపే గేజులు తగిలించలేదు. ఆఖరికి ఆ కంప్రెసర్ మార్చకుండానే చప్పుడు పోయింది కాబట్టి, మధ్యలో ఏం చూశామో, ఏది ఎందుకు కాదనుకున్నామో మొత్తం రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

ముందు బండి సంగతి. కాంటెస్సా క్లాసిక్, ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్. ఏపీ 15 నంబరు, అంటే పాత కరీంనగర్ జిల్లా రిజిస్ట్రేషన్. గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగం చేసినన్నాళ్ళు మా చిన్నాయన వాడిన బండి, రిటైరయ్యాక నా చేతికొచ్చింది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఉత్తర్‌పారాలో దీన్ని 2002తో ఆపేశారు, కాబట్టి సామాను కోసం వెతుకులాట మామూలే. దీంట్లో ఏసీ కంపెనీతో వచ్చింది కాదు. చిన్నాయన తర్వాత బయట వేయించుకున్నాడు. ఖనిలో ఎండ ఎట్లుంటదో తెలిసినవాళ్ళకి ఎందుకు వేయించాడో చెప్పక్కర్లేదు. అప్పట్లో ఏసీలో పోసేది ఆర్-12 గ్యాసు. అది ఓజోన్ పొరకి చెరుపు అని మాంట్రియల్ ఒప్పందం కింద మన లాంటి దేశాల్లో కూడా 2010 కల్లా తయారీ ఆపేశారు కదా, ఆ తర్వాత ఎప్పుడో 134 (ఆర్-134ఏ) గ్యాసుకి మార్పించారు. కంప్రెసర్ 508 రకం. ఏసీ మెకానిక్కులు ఫైవ్ నాట్ ఎయిట్ అంటుంటారే, అదే. ఐదు సిలిండర్లు, ఒక చుట్టుకి దాదాపు 138 సీసీ, అంటే ఎనిమిది చిల్లర ఘనపు అంగుళాలు, పేరులో 5, 08 అక్కడి నుంచే వచ్చాయి. పాతకాలం గట్టి సరుకు. జీపులు, ట్రాక్టర్లు, పాత వ్యాన్లు, అన్నిట్లోనూ కనపడుతుంది. అంత తేలిగ్గా చచ్చే రకం కాదు, నా అనుమానం మొదలైంది కూడా అక్కడే.

పానా పట్టుకోకముందు, చప్పుడు ఎప్పుడొస్తుంది, ఎప్పుడు రాదు అనేది కొన్నాళ్ళు గమనించాను. పొద్దున ఏడింటికి ఏసీ వేస్తే దాదాపు లేదు. మధ్యాహ్నం హన్మకొండ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే డాష్‌బోర్డు కూడా అదిరేంత. ములుగు రోడ్డెక్కి అరవై స్పీడు దాటితే మాయం. ఏసీ ఆపితే ఆ గడగడ వెంటనే ఆగుతుంది, కానీ దాని వెనక సన్నగా గర్రుమని ఇంకో చప్పుడు ఉండనే ఉంటుంది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలాయి. ఒకటి, ఇక్కడ ఉన్నవి రెండు చప్పుళ్ళు, ఒకటి కాదు. రెండోది, పెద్ద చప్పుడుకి ఎండతోనూ ఇంజిన్ వేగంతోనూ లెక్క ఉంది. లోపల పిస్టనో వాల్వో విరిగిన కంప్రెసర్ అయితే పొద్దున ఏడింటికి మర్యాదగా ఊరుకోదు, వేగం పెంచితే ఇంకా గట్టిగా కొట్టుకోవాలి గానీ తగ్గకూడదు.

ఇక్కడ క్లచ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కంప్రెసర్ ముందు ఉండే పుల్లీ ఇంజిన్ నడిచినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, ఏసీ వేసినా వేయకపోయినా. అది కంప్రెసర్ మూతి మీద సొంత బేరింగ్ పైన తిరుగుతుంది. దాని ముందున్న ప్లేటు మాత్రం కదలదు. ఏసీ వేస్తే లోపలి కాయిల్‌కి కరెంటు వెళ్ళి అయస్కాంతమై ఆ ప్లేటుని టక్కున పుల్లీకి అంటించుకుంటుంది, అప్పుడే లోపలి షాఫ్టు తిరుగుతుంది. అందుకని ఏసీ ఆపినా వినపడే చప్పుడు కంప్రెసర్ లోపలిది కాదు. పుల్లీ బేరింగో, బెల్టు బిగువు కోసం పెట్టే ఐడ్లర్ పుల్లీయో, బెల్టో అయ్యుండాలి. ఏసీ వేస్తేనే వచ్చేది మాత్రం లోపలిదే అని కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే క్లచ్ పడగానే బెల్టు మీద, కంప్రెసర్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ మీద, బోల్టుల మీద, అన్నిటి మీదా ఒక్కసారి బరువు పడుతుంది. షాపులవాళ్ళు ఈ రెండో సగం వదిలేస్తారు.

సన్న చప్పుడు తేల్చడం సులువు. ఇంజిన్ ఆపి, ఏసీ బెల్టు తీసేసి, మళ్ళీ స్టార్ట్ చేశా. గర్ర్ లేదు. ఆపి, పుల్లీలు చేత్తో తిప్పి చూశా. కంప్రెసర్ పుల్లీ నూనెలో తిరిగినట్టు తిరిగింది, అటూ ఇటూ ఊపితే ప్లే లేదు. ఐడ్లర్ మాత్రం తిప్పుతుంటే వేలికి ఇసుక తగిలినట్టే ఉంది. తీసి చూస్తే లోపల గ్రీజు ఎండి కాఫీపొడి రంగు అయింది. 6203 నంబరు బేరింగ్, లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12, ఏ బేరింగ్ షాపులోనైనా దొరుకుతుంది. రెండువైపులా రబ్బరు సీలున్నదే తీసుకోండి. ఒకవైపు ఇనుప మూత ఉన్నది చవకగా వస్తుంది గానీ మన దుమ్ముకి ఒక ఎండాకాలం దాటదు. దాన్ని మార్చేసరికి సన్న చప్పుడు పోయింది. పెద్దది అట్లాగే ఉంది, పైగా పక్కన ఇంకో చప్పుడు లేక ఇంకా స్పష్టంగా వినపడటం మొదలైంది.

బెల్టు బిగించాక, సీసాతో నీళ్ళు సన్నగా బెల్టు మీద చల్లి చూడండి. నీళ్ళు పడగానే కిచకిచ ఆగి, కాసేపటికి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవని అర్థం. నీళ్ళు పడ్డాక కీచుమని ఇంకా పెరిగితే బెల్టు లూజు. నాకు కొంచెం కిచకిచ ఆగి మళ్ళీ వచ్చింది. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోవాల్సినంత లేదు గానీ తర్వాత దాని లెక్క తేలింది, చెప్తా.

తర్వాత క్లచ్. ప్లేటుకీ పుల్లీకీ మధ్య గ్యాప్ 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎక్కువైతే కాయిల్ లాగలేక క్లచ్ జారుతుంది, ఆ జారుడుకి కూడా గీరిన చప్పుడొస్తుంది, కాలిన వాసన కూడా. ఫీలర్ గేజి పెడితే 0.6 దగ్గర, చుట్టూ అంతే. కాయిల్ దగ్గర వోల్టేజి చూస్తే 12 మీద కొంచెం. క్లచ్ పడేటప్పుడు టక్ అని ఒక్కసారే, మధ్యలో పట్టుకుని వదిలేసే రకం కాదు. సరే, క్లచ్ కాదు.

ఇక వినడం. నాకు డాక్టర్ గొట్టం లాంటి మెకానిక్ స్టెత్ లేదు, పొడుగు స్క్రూడ్రైవర్ చాలు. కొన ఇనుము మీద, పిడి చెవి వెనక ఎముక మీద. ఫ్యాను, బెల్టు దగ్గర తల పెట్టే పని కాబట్టి లూజు చొక్కా, మెడలో తువ్వాలు, చేతికి కడెం, అన్నీ తీసేసి చేయాలి, ఇది తమాషాకి చెప్పట్లేదు. ఏసీ వేయించి, కొడుకుని సీట్లో కూర్చోబెట్టి ఐడ్లింగ్‌లో వదిలి విన్నాను. కంప్రెసర్ వెనక తల మీద పెడితే, నేను అనుకున్నంత భయంకరంగా ఏం లేదు, ఒకే లయలో దడదడ, ఐదు సిలిండర్లది ఉండాల్సినట్టే. మధ్యలో బాడీ మీద పెడితే కూడా అంతే. కిందకి, బ్రాకెట్ ఇంజిన్‌కి బిగించే చోట పెడితే మాత్రం స్క్రూడ్రైవర్ చెవిలోకి దిగినట్టయింది. చప్పుడు అక్కడ ఎక్కువ, కంప్రెసర్ మీద తక్కువ. లోపల పుట్టిన చప్పుడైతే ఈ లెక్క తిరగబడాలి కదా.

కానీ ఇనుములో చప్పుడు ఎక్కడెక్కడికో పాకుతుంది, ఒక్క దాన్ని నమ్ముకుని బ్రాకెట్ విప్పేసే ధైర్యం లేదు. పైగా విప్పాలంటే గ్యాసు తీయాలి. అందుకని ఏసీ పనే చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళా, అందరూ చాచా అంటారు, ఎప్పటి నుంచో ఆర్-12 బండ్లు చూసిన మనిషి. ఆయన కొత్తది అమ్మే తొందరలో లేడు, అదే నాకు కావాల్సింది. విషయమంతా చెబితే విని, "బేటా, ముందుగాల గ్యాస్ ఎంతుందో సూద్దాం. మస్తు మంది ఫుల్లు కొట్టిపిస్తరు, కంప్రెసర్ గుంజలేక మొత్తుకుంటది" అన్నాడు.

గేజులు తగిలించకముందు ఒక పని చేయించాడు, నాకు అది బాగా నచ్చింది. బండిని రాత్రంతా షెడ్డులోనే వదిలేయమన్నాడు. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా గేజులు పెడితే రెండూ ఒకే చోట ఆగాయి, 98 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర. అప్పుడు షెడ్డులో 30 డిగ్రీలు. 134 గ్యాసు 30 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే 97 పీఎస్ఐ దగ్గర ఉండాలి. అంటే లోపల గాలి కలవలేదు. గాలి కలిసుంటే ఈ లెక్కకన్నా బాగా పైన చూపించేది. గ్యాసు ఎక్కువైందా అన్నది మాత్రం ఆగిన బండిలో తెలియదు, ఒక్క చుక్క ద్రవం మిగిలున్నా గేజి అదే చూపిస్తుంది, కిలో పోసినా అదే. మా హన్మకొండ షాపాయన గతంలో ఇట్లాగే ఆగిన బండికి గేజి పెట్టి గ్యాసు కరెక్టుగా ఉందని చెప్పాడు, దాని విలువెంతో అప్పుడర్థమైంది.

మధ్యాహ్నం దాకా ఉండి, 38 డిగ్రీల్లో నడిపించి చూశాం. హై సైడు, అంటే కంప్రెసర్ గ్యాసుని బయటికి తోసే వైపు, 330 దాటింది. లో సైడు, అంటే లోపలికి లాగే వైపు, 55. దీనికి పాతవాళ్ళ అంచనా ఒకటుంది: బయటి వేడిని ఫారెన్‌హీట్‌లోకి మార్చి రెండుంబావు నుంచి రెండున్నరతో గుణిస్తే హై సైడు ఎంతుండాలో వస్తుంది. 38 అంటే 100 ఫారెన్‌హీట్, అంటే 225 నుంచి 250. మాది వంద దాకా ఎక్కువ. రెండువైపులా ఎక్కువుంటే, లోపల గాలి కూడా కలవలేదని తేలితే, ఇక మిగిలేవి ముఖ్యంగా రెండు: గ్యాసు వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి గాలి ఆడటం లేదు, లేదా గ్యాసు ఎక్కువ.

కండెన్సర్ చూస్తే నవ్వొచ్చింది. రేకుల నిండా దూది. సీజన్లో ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద పత్తి లారీల వెనక వెళ్ళినవాళ్ళకి తెలుసు, గాలిలో దూది ఎట్లా ఎగురుతుంటదో. అది నాలుగేళ్ళుగా దుమ్ముతో కలిసి చాప అయింది. ముందు బ్రష్షు, తర్వాత లోపలి నుంచి బయటికి మామూలు పైపుతో నీళ్ళు. ప్రెషర్ వాషర్ పెట్టొద్దు, రేకులు వంగిపోతాయి. ఆ తర్వాత కూడా నడుస్తుండగా కండెన్సర్ మీద బకెట్టు నీళ్ళు పోసి గేజి చూశాం. 330 కాస్తా 270కి దిగింది, అంతకు కిందికి రాదు, లో సైడు యాభై కిందికి రావట్లేదు. గాలి సమస్య మాత్రమే అయితే నీళ్ళు పోయగానే మామూలుకి రావాలి. కాబట్టి గ్యాసూ ఎక్కువే.

అయితే నీళ్ళు పోసినప్పుడు అసలు ముచ్చట ఇంకోటి జరిగింది. హై సైడు దిగుతుంటే గడగడ కూడా దిగింది. నీళ్ళు ఆవిరై గేజి ఎక్కుతుంటే అదీ ఎక్కింది. చాచా కొడుకు వెంటనే "అయితే కంప్రెసరే కదా అన్నా" అన్నాడు. దానికి చాచా చెప్పింది యథాతథంగా రాస్తున్నా: "గేజి ఎక్కితే బెల్టు గుంజుడు ఎక్కుతది, బెల్టు గుంజితే ఫౌండేషన్ గుంజుతది. సప్పుడు ఎక్కడ్నుంచి వస్తున్నదో గేజి జెప్పదు." ఫౌండేషన్ అంటే ఆయన లెక్కలో బ్రాకెట్. అక్కడే ఒక చిన్న చెక్క దుంగ తెచ్చి, పుల్లీకి దూరంగా, కంప్రెసర్ వెనక వైపు బాడీకీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య మెల్లగా ఆన్చి, గట్టిగా అదిమి పట్టుకున్నాడు. గడగడ టక్కున ఆగింది. వదిలితే వచ్చింది. మళ్ళీ పట్టుకుంటే ఆగింది. కంప్రెసర్ లోపల ఏమన్నా విరిగుంటే బయట చెక్క ఆనిస్తే ఎందుకు ఆగుతుంది? ఈ పని మాత్రం చేయి తిరిగినవాళ్ళే చేయాలి. దుంగ జారి ఫ్యానులో పడితే రేడియేటర్ దాకా పోతుంది.

ఆయన దగ్గర గ్యాసు వెనక్కి లాగే మెషీన్ ఉంది, తూకంతో. గాలిలోకి వదిలేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి, డబ్బు సంగతి అటుంచి, ఎంత ఉండిందో తెలిసే అవకాశమే పోతుంది. వదిలిన గ్యాసు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. మా బండి నుంచి కిలో 40 గ్రాములు వచ్చింది. చిన్నాయన ఏ కాగితమూ పారేయడు. డాష్‌బోర్డు అరలో ఉన్న పాత ఏసీ బిల్లులో ఆర్-12 ఎంత పట్టిందో రాసి ఉంది, 900 గ్రాములు. ఆర్-12 సిస్టమ్‌ని 134కి మారిస్తే తూకంలో 80 నుంచి 85 శాతం పోయాలి, అంటే 720 నుంచి 765. ఎవరో మహానుభావుడు పాత లెక్క కన్నా కూడా ఎక్కువ దట్టించాడు. పోసేటప్పుడు గ్యాసు పైపు దారిలో ఉండే అద్దం బిళ్ళలో బుడగలు పోయేదాకా పోస్తారు కదా, 134లో ఆ బిళ్ళని నమ్మితే ఇట్లాగే అవుతుంది. బుడగలు లేవంటే నిండా ఉన్నట్టూ కావచ్చు, పొంగినట్టూ కావచ్చు, అసలు ఏమీ లేనట్టూ కావచ్చు.

గ్యాసు తీశాక కంప్రెసర్ నూనె ప్లగ్గు తెరిచి కొంచెం నూనె తెల్లటి కాగితం మీద వేసి చూశాం. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఈ క్షణమే. నల్లగా ఉంటే, వెండిపొడిలా మెరిస్తే, ఇప్పటిదాకా చేసిందంతా పక్కన పెట్టి కొత్త కంప్రెసర్, కొత్త డ్రయర్ (తేమని పీల్చే డబ్బా), పైపులన్నీ కడగడం తప్పేది కాదు. లేత పసుపు, ఒక్క మెరుపు లేదు. కాగితాన్ని ఎండలోకి తీసుకెళ్ళి మరీ చూశాను. షాఫ్టు చేత్తో తిప్పితే ఐదు చోట్ల మెత్తగా అడ్డం తగులుతూ తిరిగింది. దీంతో కంప్రెసర్ మీద నింద పూర్తిగా పోయింది.

ఇక బ్రాకెట్. ఆ రోజుల్లో ఏసీ వేసినవాళ్ళు 6 మిల్లీమీటర్ల పట్టీ వంచి, వెల్డింగ్ పెట్టి, పైన నల్ల పెయింటు కొట్టారు. చేత్తో ఊపితే కదల్లేదు. నట్లన్నీ బిగుతు. కంటికి ఏ పగులూ కనపడలేదు. అట్లాగే బిగించేస్తే మళ్ళీ మొదటికే. అప్పుడు నాకు ఐటీఐ చదివినప్పుడు చూసిన పద్ధతి గుర్తొచ్చింది: కిరసనాయిల్, సుద్దముక్క. పెయింటు, జిడ్డు పూర్తిగా గీకేసి, కిరసనాయిల్ బాగా పట్టించి కాసేపు వదిలేయాలి. తర్వాత పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, మెత్తటి సుద్దపొడి చల్లాలి. పగులుంటే దాంట్లోకి దిగిన కిరసనాయిల్ మెల్లగా పైకి పీల్చుకొచ్చి సుద్ద మీద గీత గీస్తుంది. టీ తాగొచ్చేసరికి బ్రాకెట్ కింది చెవి (బోల్టు దూరే చోటు) వెల్డింగ్ పక్కన, పట్టీలో సగం దాటి, తడి గీత ఒకటి. వెల్డింగ్ విరగలేదు, దాని పక్కన కాలిన ఇనుము విరిగింది. ఎక్కువసార్లు అక్కడే విరుగుతుంది.

ఇప్పుడన్నీ ఒక వరసలోకి వచ్చాయి. బెల్టు లాగనప్పుడు పగులు మూసుకుని ఉంటుంది, అందుకే చేత్తో ఊపితే దొరకదు. ఎండలో, గ్యాసు ఎక్కువై హై సైడు ఎక్కితే కంప్రెసర్ తిప్పడానికి బలం ఎక్కువ కావాలి, బెల్టు లాగుతుంది, పగులు తెరుచుకుని మూసుకుని కొట్టుకుంటుంది. ఐడ్లింగ్‌లో కంప్రెసర్ దెబ్బలు విడివిడిగా పడతాయి కాబట్టి బ్రాకెట్ వాటితో కలిసి ఊగుతుంది. వేగంలో ఆ లయ తప్పుతుంది కాబట్టి చప్పుడు మాయం. పైగా ఏసీ వేసినప్పుడు ఐడ్లింగ్ కొంచెం పెంచే చిన్న వాక్యూమ్ డబ్బా ఒకటి కార్బురేటర్ దగ్గర ఉంటుంది, దాని పైపు ఊడి ఎన్నాళ్ళయిందో. ఏసీ వేయగానే ఇంజిన్ మూలుగుతూ కిందికి పోయేది. పగులు వల్ల కంప్రెసర్ కొంచెం పక్కకి వాలి పుల్లీ వరస కూడా తప్పింది, నీళ్ళు చల్లినప్పుడు కిచకిచ ఆగడం దానివల్లే.

పాత బ్రాకెట్‌కి మళ్ళీ వెల్డింగ్ పెట్టుకోవచ్చు, సగం ఖర్చులో అయ్యేది. నేను వద్దన్నాను. పగిలిన చోట మళ్ళీ కాలిస్తే దాని పక్కన ఇంకో చోట పగులుతుంది. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో 10 మిల్లీమీటర్ల పట్టీతో, మూలలో త్రికోణం దన్ను పెట్టి కొత్తది చేయించా. వెల్డింగ్ మొత్తం బండికి దూరంగానే. గ్యాసు ఉన్న పైపుల దగ్గర మంట పెట్టకూడదు, 134 మంటకి తగిలితే విషపు పొగ అవుతుంది. బ్రాకెట్ వచ్చాక కంప్రెసర్ చెవులకీ పట్టీకీ మధ్య సందు ఉంటే బోల్టు బిగించి లాగేయడం అందరూ చేసే పని. ఆ చెవులు అల్యూమినియం, అట్లా లాగితే ఇవాళ కాకపోతే వచ్చే నెల విరుగుతాయి. సందులో సరిపడా పల్చటి వాషర్లు పెట్టి, బోల్టు చేత్తో దూరేట్టు చూసుకుని అప్పుడు బిగించాం. పుల్లీల మీద స్టీలు స్కేలు ఆనించి చూస్తే మొదట 3 మిల్లీమీటర్లు తేడా, వాషర్లు అటుదిటు మార్చి సరిచేశాం. లేత్ షాపు కుర్రాడికి ఈ స్కేలు పని విసుగు పుట్టించింది, "గింత సూస్తరా సార్ కారుకు" అన్నాడు.

మిగతాది మామూలే. సిస్టమ్ తెరిచాం కాబట్టి కొత్త డ్రయర్, కొత్త ఓ రింగులు, తీసినంత నూనె తిరిగి పోయడం. 134కి పనికొచ్చే పీఏజీ నూనె గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి సగం వాడి మూత పెట్టిన డబ్బాలోది వద్దని చిన్న సీల్డు డబ్బా కొన్నాం. ముప్పావు గంట వాక్యూమ్ (లోపలి గాలి, తేమ పంపుతో లాగేయడం), పంపు ఆపాక కాసేపు ముల్లు కదలకుండా నిలబడిందా లేదా చూడటం, తర్వాత తూకం మీద 740 గ్రాములు. ఒక్క గ్రాము ఎక్కువ వద్దని చాచాకి చెప్పాల్సిన పని లేదు గానీ నేను చెప్పాను, ఆయన నవ్వాడు.

అదే ఎండలో మళ్ళీ గేజులు: హై సైడు 240 దగ్గర, లో సైడు 34. మధ్య గ్రిల్ దగ్గర థర్మామీటర్ పెడితే 9 డిగ్రీలు. గ్యాసు మూడు వందల గ్రాములు తగ్గించాక చల్లదనం పెరిగింది, ఇది మా బావమరిదికి ఎంత చెప్పినా ఎక్కట్లేదు. పొంగిన గ్యాసుతో కండెన్సర్‌లో సగం జాగా ద్రవమే ఆక్రమిస్తుంది, ఇక వేడి వదిలేది ఎక్కడ?

ములుగు రోడ్డు మీద మల్లంపల్లి దాకా పోయి వచ్చాం, తిరుగు దారిలో కావాలని చౌరస్తా ట్రాఫిక్‌లోకి తీసుకెళ్ళి నిలబెట్టాను. ఏసీ వేస్తే బెల్టు పట్టిన చిన్న మూలుగు, అంతే. ఇంకా ఒక టక్ ఉంది, క్లచ్ పడేటప్పుడు, అది 508కి పుట్టుకతో ఉన్నదే, దాన్ని పోగొట్టే ఆలోచన లేదు. కండెన్సర్ ముందు ఎలక్ట్రిక్ ఫ్యాను పాతది, సగం గాలే ఇస్తుంది, వచ్చే మార్చిలోపు అది మార్చాలి. బ్రాకెట్ బోల్టులు వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి బిగుతు చూడమన్నాడు చాచా, మొదటిసారి చూశాను, ఒకటి పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు.

ఖర్చులో ఎక్కువ భాగం బ్రాకెట్‌కీ గ్యాసు పనికీ అయింది. ఆ మొత్తం మొదట నాకు చెప్పిన సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ ధరలో సగం లేదు. అది వేసుంటే కూడా ఆ పగిలిన బ్రాకెట్ మీదే వేసేవాళ్ళు. కొత్త బ్రాకెట్ కొలతల కాగితం ఫొటో తీసి పెట్టుకున్నా. కాంటెస్సా 1.8కి 508 బయట వేయించుకున్నవాళ్ళకి కావాలంటే అడగండి, పంపిస్తా. మీ ఇంజిన్ పక్క రంధ్రాల దూరం కొలిచి చూసుకున్నాకే పట్టీ కోయించండి, నాది బయట చేసిన పని కాబట్టి మీదీ అట్లాగే ఉంటుందని చెప్పలేను.